మైపాడు తీరం ఉన్నిలో: ఫెల్ట్ చిత్రం చేసే పద్ధతి

రంగుల ఉన్నిని పరిచి, తడిపి, రుద్ది, ముద్దకట్టించి చేసే బొమ్మే ఫెల్ట్ చిత్రం. మన దేశపు గొర్రెల్లో అన్నిటికన్నా పొడుగైనది నెల్లూరు గొర్రె. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. ఊరి చుట్టూ ఇన్ని జీవాలు మేస్తుంటే ఉన్ని బయటినుంచి తెప్పించుకోవడం ఎందుకని ఈ పని మొదలుపెట్టేవాళ్ళందరూ అడుగుతారు. ఈ మూడింట్లో దేని ఒంటి మీదా పనికొచ్చే ఉన్ని లేదు. ఉన్నది పొట్టి వెంట్రుక. దాన్ని తడిపి ఎంతసేపు రుద్దినా ముద్దకట్టదు. గొంగళ్ళు నేసే దక్కనీ గొర్రె ఉన్ని ముద్దకడుతుంది గానీ గరుకుగా, నలుపు బూడిద రంగుల్లో ఉంటుంది. కొండలకూ బండరాళ్ళకూ అది చక్కగా సరిపోతుంది, ఆకాశానికి మాత్రం పనికిరాదు. అందుకని చిత్రానికి మెరినో అనే విదేశీ జాతి గొర్రె సన్నటి ఉన్ని తీసుకోండి. దువ్వి, పోగులన్నీ ఒకే వైపు ఉండేలా లావుపాటి తాడులా చుట్టి, రంగులద్ది ఆన్‌లైన్‌లో అమ్ముతారు. పోగు మందం 21 నుంచి 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉన్న రకం చేతికి తేలికగా లొంగుతుంది.

ఉన్ని ఎందుకు ముద్దకడుతుందో తెలిస్తే తప్పులు సగం తగ్గుతాయి. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయి, వాటి అంచులన్నీ పోగు కొస వైపు తిరిగి ఉంటాయి. వేడి నీళ్ళకు పోగు ఉబ్బి పొలుసులు లేస్తాయి. సబ్బు పోగుల్ని జారేలా చేస్తుంది. అప్పుడు రుద్దితే పోగు వెనక్కి రాలేక తన మొదలు వైపే జరుగుతూ పక్క పోగుల్లోకి దూరిపోతుంది. వేడి, సబ్బు, రాపిడి, ఈ మూడింటి పాళ్ళే ఈ విద్యంతా. పొలుసుల్ని రసాయనాలతో అణచేసిన మెషిన్‌వాష్ ఉన్ని ఎన్నటికీ ముద్దకట్టదు. బజారులో ఊలు అని అమ్మే స్వెటర్ దారపు ఉండల్లో చాలా వరకు అక్రిలిక్ ఉంటుంది. చిన్న పోగు తీసి వెలిగించి చూడండి. ఉన్నయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి, వేళ్ళ మధ్య నలిపితే బూడిదవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మారుతుంది.

నీళ్ళ సంగతి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముందే చూసుకోవాలి. బోరు నీళ్ళు చాలా ఊళ్ళలో ఉప్పగా, కఠినంగా ఉంటాయి. ప్రకాశం పడమటి మెట్ట ప్రాంతాల్లో మరీను. అలాంటి నీళ్ళలో సబ్బు నురగ రాకుండా తెల్లటి జిడ్డుగా విరిగి పోగుల మీద అంటుకుంటుంది. ఆరాక నీలాలూ ఎరుపులూ సున్నం పూసినట్టు వెలవెలబోతాయి, ఎన్నిసార్లు కడిగినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. తడపడానికి తాగే క్యాన్ నీళ్ళో, పట్టి ఉంచిన వాన నీళ్ళో వాడండి. ఒక చిత్రానికి లీటరు చాలు. తర్వాత కడగడానికి మామూలు నీళ్ళు వాడి, చివరి తడవకు మాత్రం మళ్ళీ మంచి నీళ్ళు పొయ్యండి. అవీ దొరక్కపోతే సబ్బు మానేసి, లీటరు వేడి నీళ్ళకు చిన్న చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. అది కఠిన నీళ్ళలో కూడా విరగదు.

ఏ దృశ్యం ఎంచుకోవాలి

ఉన్ని గీత గీసే వస్తువు కాదు. రుద్దేకొద్దీ ప్రతి అంచూ కొంచెం పక్కకు పాకుతుంది, ప్రతి రంగూ పక్క రంగులోకి పోగులు చాస్తుంది. కాబట్టి పాకినా అందం చెడని వాటిని ఉన్నికి వదలండి: ఆకాశం, మంచు, నీళ్ళు, ఇసుక, దూరపు కొండ. రంగనాథస్వామి గోపురమో, పెన్నా బ్యారేజీ గేట్లో మొదటి చిత్రానికి ఎంచుకుంటే మనసు విరిగిపోతుంది. ఇక్కడ నెల్లూరు దగ్గరి మైపాడు తీరంలో తెల్లవారుజాము తీసుకుందాం. పైన ఆకాశం, మధ్యలో సముద్రం, కింద ఇసుక, ఎడమ పక్కన సర్వి తోపు. మూడు అడ్డపట్టీలు, ఒక నిలువు ముద్ద, అంతే.

ఫొటో తీసుకోండి గానీ రంగులకు దాన్ని నమ్మకండి. ఫోన్ కెమెరా సూర్యోదయాన్ని ఉన్నదానికన్నా ఎర్రగా చూపిస్తుంది, ఇసుకను పసుపు చేస్తుంది. మీ దగ్గరున్న ఉన్ని రంగుల్లోంచి తలా ఒక చిటికెడు తీసి, అట్టముక్కకు కుట్టి, తీరానికి పట్టుకెళ్ళండి. అక్కడ నిలబడి ఒక్కో రంగును నీటి పక్కన, ఇసుక పక్కన పెట్టి చూసి, ఏది దగ్గరగా ఉందో అట్ట మీదే రాసుకోండి. మన తీరంలో సముద్రం క్యాలెండర్ నీలం కాదని అప్పుడు తెలుస్తుంది. ఒడ్డు దగ్గర బురద కలిసిన పచ్చ, లోపలికి పోయేకొద్దీ బూడిద కలిసిన నీలం.

కావలసినవి

12 × 16 అంగుళాల ఫ్రేములో పట్టే చిత్రానికి ఉన్నిని 17 × 22 అంగుళాల మేర పరవాలి. పావు వంతు కుంచించుకుని సుమారు 12¾ × 16½ దగ్గర ఆగుతుంది. అంచులు మౌంటు అట్ట (ఫ్రేములో చిత్రం చుట్టూ పెట్టే అట్ట) కింద దాగడానికి ఆ మిగులు కావాలి.

అడుగు పొరలకు లేత క్రీము రంగు ఉన్ని 45 గ్రాములు. ఆకాశానికి లేత నీలం 5, లేత నారింజ 2, పసుపు 1, తెలుపు 2 గ్రాములు. సముద్రానికి బూడిద నీలం 3, మురికి పచ్చ 2, నురగకు తెలుపు 1. ఇసుకకు బిస్కెట్ రంగు 4, గోధుమ 1. తోపుకు ముదురు ఆకుపచ్చ ఒకటిన్నర, నల్ల గోధుమ అర గ్రాము. వంటింటి డిజిటల్ కాటా ఉంటే తూచుకోండి, మొదట్లో అందరూ రెట్టింపు వేస్తారు.

పనిముట్లు: 2 × 3 అడుగుల బుడగల ప్లాస్టిక్ షీట్ రెండు, పాత దోమతెర గుడ్డ, మూతకు సూదితో పది చిల్లులు పొడిచిన నీళ్ళ సీసా, ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు రెండడుగులు, రెండు తువ్వాళ్ళు, ఆలివ్ నూనె సబ్బు, వెనిగర్. రంగులు కలపడానికి కుక్కలకు దువ్వే తీగల బ్రష్షులు రెండు. చివరి నగిషీకి ఫెల్టింగ్ సూదులు 36, 38, 40 నంబర్లు, వాటి కింద పెట్టుకునే రెండంగుళాల మందం స్పాంజి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం.

ముందుగా సముద్రపు ముక్క

క్షితిజ రేఖ ఒక్కటే ఈ చిత్రంలో తిన్నగా ఉండాల్సిన గీత. అది వంగితే చూసేవాళ్ళ కన్ను అక్కడే ఆగుతుంది. పొడి ఉన్నిని నేరుగా పరిస్తే వంగకుండా ఉండదు. దీనికి ఉపాయం, సముద్రాన్ని విడిగా సగం ముద్దకట్టించి కత్తెరతో కోసి అతకడం.

బూడిద నీలం, పచ్చ కలిపి 4 గ్రాములు తీసుకుని 19 × 7 అంగుళాల మేర పల్చగా పరవండి. మొదటి పొర అడ్డంగా, రెండోది నిలువుగా. పైఅంచు వైపు నీలం, కిందికి వచ్చేకొద్దీ పచ్చ. వేడి సబ్బు నీళ్ళు (పాళ్ళు కింద ‘తడపడం, రుద్దడం’ దగ్గర ఉన్నాయి) చల్లి, దోమతెర కప్పి, ఐదారు నిమిషాలు మెత్తగా రుద్దండి. ఎత్తితే విడిపోకుండా నిలిస్తే చాలు, అంతకు మించి రుద్దకండి. గట్టిపడిన ముక్క తర్వాత కింది పొరను పట్టుకోదు, అతికించిన కాగితంలా అంచులు లేస్తాయి. చల్లటి నీళ్ళలో ముంచి, తువ్వాలులో ఒత్తి, ఆరబెట్టి, పైఅంచు స్కేలు పెట్టి తిన్నగా కోయండి. వెడల్పు 17 అంగుళాలకు సరిచేసి, కింది అంచును కత్తిరించకుండా చేత్తో చింపినట్టు లాగి వదలండి. అటు వైపు ఇసుకలో కలిసిపోవాలి.

అడుగు పరవడం

బుడగలు పైకి ఉండేలా షీట్ పరిచి, దాని మీద మార్కరుతో 17 × 22 గీసుకోండి, నిలువు 22. ఫ్యాను ఆపండి. తాడు చివర నుంచి ఉన్నిని తీసే తీరులోనే నేర్పు ఉంది. ఎడమ చేత్తో కొసకు ఒక జానెడు వెనక పట్టుకుని, కుడి చేతి వేళ్ళకూ అరచేతికీ మధ్య కొసను నొక్కి మెల్లగా లాగాలి. రెండు చేతులూ దగ్గరగా ఉంటే పాయ ఊడదు. వచ్చిన పాయ అవతలున్న అక్షరాలు కనిపించేంత పల్చగా ఉండాలి. పెంకుల ఇంటి కప్పులా ఒకదాని మీద ఒకటి మూడో వంతు ఎక్కేలా వరసలు పేర్చండి.

మొత్తం నాలుగు పొరలు, ఒక్కో పొరకు 11 గ్రాములకు కాస్త పైన. మొదటిది అడ్డం, రెండోది నిలువు, అలా మార్చుకుంటూ. దిశ మార్చకుండా పరిస్తే చిత్రం ఒక వైపే కుంచించుకుని, చివరికి పొడవు వెడల్పుల పాళ్ళు తప్పుతాయి. ప్రతి పొర తర్వాతా అరచేతులు ఆనించి మొత్తం తడమండి. పల్చగా ఉన్న చోటు చేతికి గుంటలా తగులుతుంది. కంటికి కనబడదు, చేతికే తెలుస్తుంది. అక్కడ ఇప్పుడే ఒక పాయ వెయ్యకపోతే రుద్దాక చిల్లు పడుతుంది.

అడుగు రంగు క్రీమే ఎందుకంటే, రుద్దేటప్పుడు అడుగు పోగులు పైకి తోసుకొచ్చి చిత్రం మీద పల్చటి పొగలా పరుచుకుంటాయి. తెల్లవారుజాము మంచుకు క్రీము పొగ అందం. అదే కంభం చెరువు వెనక నల్లమల కొండల్ని చేస్తుంటే అడుగు ముదురు బూడిద రంగులో ఉండాలి, లేదంటే కొండలు పిండి జల్లినట్టు కనిపిస్తాయి.

రంగులు వెయ్యడం

ఆకాశంతో మొదలుపెట్టండి. ఉన్ని రంగులు నీటి రంగుల్లా కలవవు. నీలం పోగు నీలంగానే, పసుపు పోగు పసుపుగానే పక్కపక్కన ఉంటాయి, కలిపేది చూసేవాళ్ళ కన్ను. కాబట్టి నీలం మీద నారింజ నేరుగా పరిస్తే మధ్యలో మురికి గోధుమ పట్టీ వస్తుంది. రెండింటి మధ్య తెలుపు కలిపిన పాయలు వెయ్యండి. తీగల బ్రష్షుల మధ్య చిటికెడు నీలం, చిటికెడు తెలుపు పెట్టి మూడు నాలుగుసార్లు దువ్వితే సరిపోతుంది. పూర్తిగా కలిసేదాకా దువ్వితే జీవం పోయి గోడ రంగులా తయారవుతుంది. ఆకాశపు పాయలన్నీ అడ్డంగానే పరవండి. సూర్యుడు పైకి వచ్చే చోట పసుపును గుండ్రంగా చుట్టకుండా, చిన్న పాయలుగా విసనకర్ర విప్పినట్టు పెట్టండి.

ఆకాశం రంగులు క్షితిజానికి ఒక అంగుళం కిందికి దిగాక ఆపండి. దాని మీద సముద్రపు ముక్కను, కోసిన అంచు పైకి వచ్చేలా, పై నుంచి 9 అంగుళాల దగ్గర స్కేలు ఆనించి పెట్టండి. చిత్రాన్ని సరిగ్గా సగానికి కొయ్యకూడదు. ముక్క కింది అంచు మీదికి బిస్కెట్ రంగు పాయలు ఎక్కించి, కిందివరకు ఇసుక నింపండి. తడి ఇసుకకు నీటి పక్కన ఒక సన్నటి గోధుమ పట్టీ మర్చిపోకండి. ఆ ఒక్క పట్టీతో అల ఇప్పుడే వెనక్కి వెళ్ళినట్టు కనిపిస్తుంది.

ఇసుక మీది మడతలకు మంచి పద్ధతి ఒకటుంది. పాత వెంకటగిరి నూలు చీర ముక్కో, పల్చటి మల్లు గుడ్డో తీసుకుని నోటికి ఆనించి ఊదండి. అవతల చేతికి గాలి తగిలితే ఉన్ని పోగులు కూడా ఆ నేతలోంచి దూరగలవు. అలాంటి ముక్కను ఇసుక మీద పరిచి, అంచుల మీద సన్నటి పాయలు కప్పండి. కింద ఉన్ని కుంచించుకుంటుంది, నూలు కుంచించుకోదు, దాంతో గుడ్డ అలలు అలలుగా ముడతలు పడుతుంది. గంజి పెట్టిన గుడ్డయితే ముందు వేడి నీళ్ళలో ఉతకాలి, గంజి పోగుల దారి మూసేస్తుంది. చీర అంచు జరీ మాత్రం కత్తిరించి తీసెయ్యండి.

తోపు ఇప్పుడు పూర్తిగా వెయ్యకండి. ముదురు ఆకుపచ్చను ముద్దగా, నీడలా మాత్రమే పరవండి. కొమ్మలు సూది పని.

తడపకముందు కుర్చీ ఎక్కి పై నుంచి చూడండి. రంగుల్లో మార్పు చెయ్యాలంటే ఇదే చివరి అవకాశం. తడిశాక అన్నీ రెండింతలు ముదురుగా కనిపిస్తాయి, ఆ కంగారులో తెలుపు కుమ్మరిస్తే ఆరాక చిత్రం పాలిపోతుంది.

తడపడం, రుద్దడం

లీటరు వేడి నీళ్ళలో పెద్ద చెంచాడు సబ్బు తురుము కరిగించండి. చెయ్యి పెడితే కాస్త చురుక్కుమనాలి, కాలకూడదు. దోమతెర కప్పి సీసాతో మధ్య నుంచి అంచులకు చల్లండి. అర నుంచి ముప్పావు లీటరు పడుతుంది. అరచేత్తో నొక్కుతూ లోపలి గాలి బయటికి పంపాలి. గాలి బుడగ మిగిలిన చోట పొరలు అతుక్కోక తర్వాత పొక్కులా ఊడతాయి. నీళ్ళు గుంటలు కట్టి నిలిస్తే పోగులు తేలుతాయి, పట్టుకోవు. పక్క నుంచి తువ్వాలుతో పీల్చెయ్యండి. నురగ మరీ ఎక్కువైనా అంతే, పోగులు ఒకదాన్నొకటి తాకకుండా జారిపోతుంటాయి.

మొదటి ఐదు నిమిషాలు వేళ్ళతో తాకీ తాకనట్టు రుద్దండి. క్షితిజం దగ్గర అడ్డంగా మాత్రమే చెయ్యి ఆడించాలి, పైకీ కిందికీ పోకూడదు. తర్వాత మెల్లగా బలం పెంచుతూ ఇంకో పది నిమిషాలు. మూడు నాలుగు నిమిషాలకోసారి దోమతెరను ఒక మూల నుంచి లేపండి. లేపకుండా వదిలేస్తే పోగులు తెర కన్నాల్లోంచి పైకి అల్లుకుపోయి, చివర్లో తెర లాగితే ఆకాశం కూడా వచ్చేస్తుంది. రెండు వేళ్ళతో పైపోగుల్ని గిల్లి ఎత్తి చూడండి. విడి పోగులు లేవకుండా చర్మంలా మొత్తం కలిసి లేస్తే తర్వాతి పనికి సిద్ధం.

ఇప్పుడు తెర తీసేసి, పైన రెండో షీట్ కప్పి, పైపుకు చుట్టండి. తువ్వాలు చుట్టి, రెండు చోట్ల పాత గుడ్డ పీలికలు కట్టి, అప్పడాల కర్రలా ముందుకూ వెనక్కూ దొర్లించండి. 50 సార్లయ్యాక విప్పి, ముడతలు చేత్తో సాపు చేసి, చిత్రాన్ని పావు చుట్టు తిప్పి మళ్ళీ చుట్టండి. నాలుగు వైపులా అయితే ఒక విడత. ఏ దిశలో దొర్లిస్తే ఆ దిశలోనే కుంచించుకుంటుందని గుర్తుంచుకుంటే కొలత మీ చేతిలో ఉంటుంది. వెడల్పు అప్పుడే 12¾కు వచ్చి పొడవు 18 దగ్గర ఉంటే, ఇక పొడవు వైపే దొర్లించండి. మామూలుగా మూడు విడతలు పడుతుంది. ముద్దను బండకేసి కొట్టే పద్ధతి టోపీలకూ చెప్పులకూ మంచిదే గానీ చిత్రాలకు వద్దు, క్షితిజం వంకర్లు పోతుంది.

ముడత పడిన చోట విప్పకుండా వంద దాకా దొర్లిస్తే ఆ మడత శాశ్వతంగా అతుక్కుంటుంది. ఈ పనిలో సరిదిద్దలేని తప్పు ఇదొక్కటే. మిగతావన్నీ సూదితో కప్పెయ్యవచ్చు.

కడగడం, తిన్నగా లాగడం

సబ్బు పోయేదాకా చల్లటి నీళ్ళలో ఒత్తండి, పిండకండి. రెండు లీటర్ల నీళ్ళకు పెద్ద చెంచాడు వెనిగర్ కలిపి ఐదు నిమిషాలు నానబెడితే సబ్బు క్షారం విరుగుతుంది. అది మిగిలితే ఉన్ని క్రమంగా పెళుసెక్కి పసుపుబారుతుంది. చివరగా మంచి నీళ్ళు. తువ్వాలులో చుట్టి ఒత్తి, ఇంకో తువ్వాలు మీద పరిచి, క్షితిజం పక్కన స్కేలు పెట్టి, వంగిన చోట రెండు వైపులా లాగి గుండుసూదులు గుచ్చండి. తడి ఉన్ని అర అంగుళం వరకు మాట వింటుంది, ఆరాక వినదు.

ఎండలో వెయ్యకండి, రంగులు వెలుస్తాయి. రోహిణి కార్తెలో నీడన పూటలో ఆరుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ముసురు రోజుల్లో ఫ్యాను కింద రెండు రోజులు కూడా పట్టవచ్చు. అప్పటికీ మధ్యలో చల్లగా తగులుతుంటే ఇంకా చెమ్మ ఉన్నట్టే. ఆ చెమ్మతో ఫ్రేము బిగిస్తే బూజు ఖాయం.

సూది పని

పూర్తిగా ఆరిన చిత్రాన్ని స్పాంజి మీద పెట్టండి. సూది కొన దగ్గర చిన్న గాట్లుంటాయి, అవి పై పోగుల్ని లోపలికి తోస్తాయి. నిటారుగా గుచ్చి నిటారుగానే తీయాలి. పక్కకు వంచితే పుటుక్కున విరుగుతుంది, విరిగిన ముక్క ఉన్నిలో వెతకడం కష్టం, వేలికి దిగడం తేలిక. ఎడమ చేతి చూపుడు వేలికి తోలు తొడుగు వేసుకోండి. లోతు పావు అంగుళం చాలు.

36తో తోపు ముద్దను అంటించి, 38తో కొమ్మలు, 40తో చివరి మెరుగులు. సర్వి ఆకు సూదుల్లా సన్నగా కిందికి వాలుతుంది కాబట్టి, ఆకుపచ్చ పోగులు నాలుగైదు కలిపి పైకొస మాత్రం గుచ్చి, కిందికొస వదిలెయ్యండి. గాలికి ఊగుతున్నట్టే ఉంటుంది. అల నురగకు తెల్లటి పోగును వేళ్ళ మధ్య నలిపి చిన్న చిన్న ముడులుగా పెట్టండి, ఒకే పొడవాటి గీతగా పెట్టకండి. దూరాన పడవ కావాలంటే నల్ల గోధుమ పోగు అర అంగుళం, క్షితిజానికి కొంచెం కిందుగా. దానికన్నా పెద్దదైతే సముద్రం చెరువైపోతుంది.

సూది గుంటలు కనిపిస్తే 40తో పైపైన గుచ్చి, తడి గుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టె ఆనించండి. ఆవిరికి పూడుకుపోతాయి.

ఇదే పద్ధతిలో వేరే చోట్లు

పులికాట్ రాజహంసలకు నీళ్ళు వీలైనంత ఖాళీగా వదలండి. పక్షి ఒళ్ళు కామా గుర్తంత, లేత గులాబీ రంగులో. కాళ్ళకు పోగు బదులు ఒంటి పేట ఉన్ని దారం. నీటిలో నీడకు అదే గులాబీలో సగం బూడిద కలపండి. పెంచలకోన, భైరవకోన జలపాతాలకు తెల్ల పట్టు పీచు మెరుపునిస్తుంది. పట్టుకు పొలుసులుండవు, తనంతట తాను అతుక్కోదు. దాని మీద సాలెగూడంత పల్చగా ఉన్ని కప్పితేనే నిలుస్తుంది. కంభం చెరువు కొండలకు మూడు వరసలు: దగ్గరిది ముదురు ఆకుపచ్చ, వెనకది నీలం కలిపింది, మూడోది ఆకాశం రంగులోకి దాదాపు కలిసిపోయేది. పరిచేటప్పుడు మాత్రం వెనక కొండతో మొదలుపెట్టి ముందుకు రావాలి. చీమకుర్తి క్వారీల నల్ల గెలాక్సీ రాయి చెయ్యాలని ఉంటే నల్ల ఉన్ని మీద ఇందాక తీసి పెట్టిన జరీని సన్నగా తుంచి చల్లి, పైన నల్ల పోగుల ముసుగు వెయ్యండి. పెన్నా వేసవి ఇసుకకు ఒకే బిస్కెట్ రంగు చాలదు, కనీసం నాలుగు ఛాయలు కావాలి.

ఫ్రేము, భద్రం

చిత్రాన్ని గ్లాసుకు తగలనివ్వకండి. మధ్యలో మౌంటు అట్ట, దాని కింద పావు అంగుళం బద్ద పెట్టమని ఫ్రేము కట్టేవాళ్ళకు చెప్పండి. గ్లాసు తగిలితే తీరప్రాంతపు గాలి చెమ్మ అక్కడ చేరి మచ్చలవుతుంది. వెనక ప్లాస్టిక్ షీటు వద్దు, కాగితమే మంచిది. అడుగు అట్టకు జిగురుతో కాకుండా నాలుగు మూలలా, మధ్యలో రెండు చోట్ల దారంతో కుట్టించండి. జిగురు ముందుకు ఊరుతుంది.

మిగిలిన ఉన్నికి పురుగు భయం ఎక్కువ. వేపాకు వాసనకు అది కొంత దూరంగా ఉంటుంది గానీ, లోపల పెట్టిన గుడ్లను వేపాకు చంపదు. కొత్తగా తెప్పించిన ఉన్నిని గాలి చొరని కవరులో కట్టి రెండు వారాలు డీప్ ఫ్రిజ్‌లో ఉంచండి. తీశాక కవరు విప్పకుండా ఒక పూట బయట వదిలి, లోపలి చలి పోయాక విప్పాలి. వెంటనే విప్పితే గాలిలో చెమ్మంతా ఉన్ని మీద నీరై కూర్చుంటుంది.